కానాగంత - మంద కట్టే చేప

మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో గోడవారగా ఉన్న బీరువా రెండో అరలో, ఫార్మలిన్ సీసాలో ఒక చేప ఉన్నది. జానెడు పొడుగు, రంగు వెలిసిన ఒళ్ళు, తెరిచిన నోరు. సీసా మీద లేబుల్: రాస్ట్రెల్లిజర్ కానగుర్తా. ప్రతి ఏటా ప్రాక్టికల్ పరీక్షల ముందు మన విద్యార్థులు ఈ పేరును కళ్ళు మూసుకుని వల్లె వేస్తుంటారు. ఒకసారి ఒక విద్యార్థి "సార్, ఈ లాటిన్ పేర్లకు నోరు తిరగదు" అన్నాడు. "ఇందులో సగమే లాటిన్, మిగతా సగం తెలుగు" అంటే నవ్వులాటకు అన్నాననుకున్నాడు. ఈ వ్యాసానికి మూలం ఆ మాటే.

నాదర్‌గుల్ నుంచి సముద్రం చూడాలంటే ఎటు పోయినా మూడు వందల కిలోమీటర్లకు తక్కువ లేదు. విశాఖపట్నానికైతే ఆరు వందల పైచిలుకు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ నుంచి బస్సుల్లో వచ్చే మన పిల్లలకు చేప అంటే చెరువు చేపే: రవ్వు, బొచ్చె, మరీ ఖరీదుగా తినాలనుకుంటే కొర్రమీను. సముద్రపు చేప అనగానే "నీచు వాసన" అని ముఖం తిప్పుకునేవాళ్ళే ఎక్కువ. అయినా రాంనగర్ చేపల మార్కెట్టుకు ఆదివారం ఉదయం వెళ్ళి చూడండి. ఐసు కింద వరసలుగా పేర్చిన ఈ చేప కనబడుతుంది. అక్కడ చాలామంది దీన్ని మరాఠీ, హిందీ పేరుతో బంగడా అంటారు. కేరళవాళ్ళకు అయిల. మన కోస్తా తీరంలో కానాగంత, కానాగడత, కన్నంగడత - ఊరూరికీ పలుకుబడి కొంచెం కొంచెం మారుతుంది. తమిళంలో కానాంగెళుత్తి అనే పేరు కూడా దీనికి దగ్గరి చుట్టమేనని వినగానే తెలుస్తున్నది.

ఇక ఆ సగం తెలుగు సంగతి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఒకాయన ఉండేవాడు. సిరియా దేశంలోని అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, 1781లో తన తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో అధికారి ఉద్యోగం రాగా, ఆయనతో కలిసి ఇండియాకు బయలుదేరాడు. 1785లో కంపెనీ ఈయన్ను మద్రాసు రాజధానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాములూ చేపలూ మొక్కలూ సేకరించడం, బొమ్మలు వేయించడం ఆయన పని. 1789లో ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయాడు. పాముల మీద పుస్తకం 1796లో వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో రెండు సంపుటాల గ్రంథం 1803లో లండనులో అచ్చయింది. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనడం ఈయన పేరు మీదనే.

రస్సెల్ చేసిన గొప్ప పని, నా దృష్టిలో, ఒకటున్నది. పట్టుకొచ్చిన ప్రతి చేపకూ స్థానికులు ఏమంటారో అడిగి, ఆ పేరును తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పాముల పుస్తకంలోనూ ఇదే పద్ధతి. కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం మన "బంగారం" నుంచి పుట్టింది ఈ దారినే. ఈ చేపను ఆయన "కానగుర్త" అని రాసుకున్నాడు. కానాగడతలోని "డ" ఆయన చెవికి "ర"లా వినబడి ఉంటుందని నా ఊహ. తరువాత పారిస్‌లో కూర్చుని జంతువులన్నింటినీ వర్గీకరిస్తున్న జార్జి కువియే, రస్సెల్ గ్రంథం ఆధారంగా 1816లో ఈ చేపకు స్కాంబర్ కానగుర్తా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ప్రజాతి పేరు రాస్ట్రెల్లిజర్ అని మార్చింది 1908లో, అమెరికావాళ్ళు జోర్డన్, స్టార్క్స్. ప్రజాతి మారినా జాతి నామం మాత్రం మారలేదు. ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా మొదలుకుని ఇండోనేషియా, ఆస్ట్రేలియా ఉత్తర తీరం, సమోవా దీవుల దాకా ఈ చేప దొరికే ప్రతి దేశంలోనూ శాస్త్రజ్ఞులు దీన్ని పిలిచేది విశాఖ జాలర్ల మాటతోనే. పేరు చెప్పిన ఆ జాలరి ఎవరో గ్రంథాల్లో లేదు. చెప్పినవాడి పేరు పోయి, చెప్పిన పేరు మిగిలింది.

రాస్ట్రెల్లిజర్ అనే మొదటి సగానికీ అర్థం ఉన్నది. లాటిన్‌లో ఎండుగడ్డీ చెత్తా దగ్గరికి లాగే పళ్ళున్న పనిముట్టును గుర్తుచేసే మాట అది. ఆ పనిముట్టును మోసేది అని భావం. కానాగంత నోరు తెరిచి లోపలికి చూస్తే ఎందుకు ఆ పేరు పెట్టారో అర్థమవుతుంది. మొప్పల విల్లులకు ముందువైపు పొడుగాటి సన్నని పళ్ళు దువ్వెనలా నిలబడి ఉంటాయి. వీటిని గిల్ రేకర్లు అంటాం. మామూలు చేపల్లో ఇవి పొట్టిగా మొద్దుల్లా ఉండి కంటికి ఆనవు. కానాగంతలో మాత్రం నోరు తెరిస్తే చాలు, బయటికే కనబడతాయి. మొదటి విల్లు కింది భాగం మీదనే ముప్పైకి పైగా లెక్కపెట్టవచ్చు. పరీక్షలో "గుర్తింపు లక్షణాలు" రాసేటప్పుడు ఇది ముందు రాయండి.

మిగతా లక్షణాలు త్వరగా చెబుతాను. కదురు ఆకారపు ఒళ్ళు. రెండు పృష్ఠ వాజాలు, అంటే వీపు రెక్కలు. రెండో దాని వెనక అయిదు, కింద పాయు వాజం వెనక అయిదు చిన్న చిన్న చిరువాజాలు. తోక దగ్గర సన్నబడి, ఆపైన లోతుగా చీలిన పుచ్ఛ వాజం. కంటిమీద కొవ్వు రెప్ప. పక్క రెక్క కింది అంచు దగ్గర ఒక నల్లమచ్చ. వీపు నీలాకుపచ్చ, పొట్ట వెండి. తాజా చేపలో వీపు పక్కన బంగారు రంగు గీతలు నిలువునా మెరుస్తుంటాయి. ఫార్మలిన్‌లో పడ్డాక ఆ బంగారం ఎటు పోతుందో పోతుంది, నల్లచారలు మాత్రం మిగులుతాయి. కాబట్టి సీసాలో చేప చూసి చేపను చూశామనుకోవద్దు. సాధారణంగా 25 సెంటీమీటర్ల దాకా, బాగా పెరిగితే 35 దాకా వస్తుంది.

కానాగంత ఒంటరిగా బతకదు. ఈ చేప గురించి మిగిలిన విషయాలన్నీ - తిండి, ఊపిరి, రక్షణ, సంతానం, చివరికి చావు కూడా - ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతాయి.

తిండితో మొదలుపెడదాం. సముద్రపు పైపొరలో కంటికి కనబడని వృక్ష ప్లవకాలు, వాటిని తినే జంతు ప్లవకాలు తేలుతుంటాయి. డయాటమ్‌లు, కోపిపోడ్లు, రకరకాల డింభకాలు. పెద్దవైన కొద్దీ రొయ్యపిల్లల్నీ చేపపిల్లల్నీ కూడా కానాగంత వదలదు. అయితే ఒక్కొక్క కోపిపోడును ఏరుకుని తింటే కడుపు నిండేదెప్పుడు? అందుకని గుంపు గుంపంతా ఒకేసారి నోళ్ళు బార్లా తెరిచి, మొప్పమూతలు విప్పార్చి, ముందుకు ఈదుతుంది. నీరు నోట్లోంచి వచ్చి మొప్పల్లోంచి పోతుంది. దువ్వెన పళ్ళు ప్లవకాలను ఆపేస్తాయి. ఎర్రసముద్రంలో మునిగి తీసిన చలనచిత్రాల్లో ఈ దృశ్యం చూసినవారు మరచిపోలేరు. వందల వెండి నోళ్ళు ఒకే దిక్కుకు తెరుచుకుని ఎదురుగా వస్తుంటాయి. అదే నీరు మొప్పలకు ప్రాణవాయువు కూడా అందిస్తుంది. ఈదడం, తినడం, ఊపిరి పీల్చడం ఒకే పనిగా సాగుతుందన్నమాట. అంతసేపు ఆగకుండా ఈదాలంటే అలసిపోని కండ కావాలి. కానాగంతను కోసినప్పుడు పక్కన చర్మం కింద కనబడే ముదురెరుపు మాంసం అదే. కొందరు దాన్ని "చెడు మాంసం" అని తీసి పారేస్తారు గాని, చెడ్డదేం కాదు, నిరంతరం పనిచేసే కండ.

ప్లవకాలు ఎక్కడ దట్టంగా ఉంటే మంద అక్కడికి చేరుతుంది. మన తూర్పు తీరంలో దీనికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1950ల మొదట్లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లా ఫాండ్, అక్కడి విద్యార్థులను వెంటబెట్టుకుని తీరపు నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిపించాడు. వేసవి దగ్గరపడే కొద్దీ గాలి నైరుతి నుంచి తీరం వెంబడి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే తీరానికి దూరంగా, జరుగుతుంది. ఆ ఖాళీలోకి లోతునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. పొలానికి ఎరువు పడ్డట్టే. వృక్ష ప్లవకాలు పెరుగుతాయి, వాటి వెనక జంతు ప్లవకాలు, వాటి వెనక చేపలు. శీతకాలపు ఈశాన్య గాలికి ఇదంతా తిరగబడి పైనీరు తీరానికి నెట్టుకువచ్చి కిందికి దిగుతుంది. భౌతికశాస్త్రం చదివే మిత్రులు తమకూ చేపలకూ సంబంధం లేదనుకుంటారు. ఈ ఒక్క సంగతి చాలు.

ఇక రక్షణ. నేల లేని, చెట్టు లేని, దాక్కునేందుకు రాయి కూడా లేని చోట జానెడు చేప ఎక్కడ దాక్కుంటుంది? పక్క చేప వెనక దాక్కుంటుంది. వంజరం, సొర, డాల్ఫిన్, పైనుంచి సముద్రపు పక్షులు - అందరికీ ఇది తిండే. పదివేల చేపల్లో ఒకటిగా ఉంటే ఈ పూట నా వంతు వచ్చే అవకాశం తక్కువ. పైగా వేటాడే చేపకు ఏదో ఒక దాని మీద చూపు నిలపాలి. వెండి ఒళ్ళు తళుక్కు తళుక్కుమంటూ ఒక్కసారిగా తిరిగితే దాని చూపు చెదిరిపోతుంది. 1971లో డబ్ల్యు.డి. హామిల్టన్ "స్వార్థపరుల మంద" అనే భావనను లెక్కలతో వివరించాడు. చెరువు గట్టున కూర్చున్న కప్పలు, నీళ్ళలోంచి తల ఎత్తే పాము - ఇది ఆయన తీసుకున్న ఉదాహరణ. ప్రతి కప్పా రెండు కప్పల మధ్యకు గెంతాలని చూస్తుంది. చివరికి కప్పలన్నీ కుప్ప పడతాయి. ఎవరూ ఎవరికోసం త్యాగం చేయలేదు, గుంపు మాత్రం తయారైంది. విద్యార్థి సంఘాల ఎన్నికలు చూసినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

మంద తిరిగినప్పుడు ఒకదాన్నొకటి ఢీకొట్టవెందుకని? కళ్ళున్నాయి గనుక అని సులభంగా చెప్పేస్తాం. 1976లో పిచర్, పార్ట్రిడ్జ్, వార్డిల్ అనే ముగ్గురు స్కాట్లండులో కానాగంతతో కాదుగాని, సెయిత్ అనే మరో గుంపు చేపతో ఒక ప్రయోగం చేశారు. చేప కళ్ళకు తాత్కాలికంగా గంతలు కట్టి మందలో వదిలారు. అది తన స్థానంలో చక్కగా ఈదింది. పార్శ్వ రేఖ కూడా పనిచేయకుండా చేస్తే అప్పుడు తప్పిపోయింది. పార్శ్వ రేఖ అంటే ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత. మనం పటం గీసి బాణం గుర్తు పెట్టి వదిలేసే ఆ గీతే. పక్క చేప తోక కదిపితే నీటిలో పుట్టే ఒత్తిడి దానికి తెలుస్తుంది. కళ్ళు దూరం చూస్తే, ఆ గీత దగ్గరితనాన్ని తాకి చూస్తుంది.

సంతానం విషయంలో మన కొర్రమీనుతో పోల్చి చూడండి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను జంటగా గడ్డిలో చోటు చేసుకుని గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగేదాకా కాపలా కాస్తుంది. దగ్గరికి పోతే మీదికి వస్తుంది. చెరువులో ఎర్రగా ముద్దలా కదిలే పిల్లల గుంపును చిన్నప్పుడు చూసినవాళ్ళు మనలో ఉంటారు. కానాగంతకు గూడు లేదు, కాపలా లేదు. మందలో ఆడవీ మగవీ గుడ్లనూ శుక్రకణాలనూ నీటిలో వదిలేస్తాయి. అదీ ఒక్కసారి కాదు, కాన్పు కాలమంతా విడతలు విడతలుగా. మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే గుడ్లు నీటి మీద తేలిపోతాయి. సుమారు ఒక రోజుకు పొదుగుతాయి. వేలల్లో ఏ కొన్నో బతుకుతాయి. కొర్రమీను కొద్దిమందిని జాగ్రత్తగా పెంచుతుంది. కానాగంత లెక్కను సముద్రానికి వదిలేస్తుంది. ప్రాంతాన్ని బట్టి 18 నుంచి 22 సెంటీమీటర్ల పొడవు వచ్చేసరికి తొలిసారి గుడ్లకు వస్తుంది. ఈ కొలత గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

సొరచేప నుంచి కాపాడిన గుంపే మనిషి చేతికి చిక్కించింది. జాలరి ఒంటరి చేపను వెదకడు. నీటి రంగు మారిందా, పైన సన్నని అలజడి ఉందా, పక్షులు ఒకే చోట గుండ్రంగా తిరుగుతున్నాయా అని చూస్తాడు. అమావాస్య రోజుల్లో అయితే మంద కదిలినచోట నీటిలోని సూక్ష్మజీవులు మెరుస్తాయి. ఆ వెలుగును బట్టి మంద ఎంత పెద్దదో చెప్పగల పెద్దలున్నారు. పూర్వం ఒడ్డునుంచి లాగే అలివి వల. రెండు కొసలకూ మనుషులు బారులు తీరి లాగుతుంటే ఊరంతా పాల్గొన్నట్టే. ఒడ్డు దగ్గరికి వచ్చిన మందే దొరికేది. తరువాత మోటారు పడవలు, రింగు వలలు వచ్చాయి. రింగు వల అంటే మంద చుట్టూ నీళ్ళలో గోడ కట్టి, కింద రింగుల్లోంచి వెళ్ళే తాడు బిగించడం. బియ్యం సంచి మూతి బిగించినట్టే. ఒక్క పట్టుతో మంద మొత్తం వస్తుంది. పెద్దదీ చిన్నదీ, గుడ్లు పెట్టినదీ పెట్టనిదీ అన్న తేడా ఆ తాడుకు తెలియదు.

ఇక్కడే తగువు వస్తుంది. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల విషయమై పెద్దజాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య ఘర్షణ జరిగి పడవలు తగలబడ్డాయి. ఎవరిది తప్పని తీర్పు చెప్పడానికి నాకు అర్హత లేదు. రింగు వల వేసేవాడికీ అప్పులున్నాయి, మామూలు వల వేసేవాడికీ ఇల్లు గడవాలి. కాని జీవశాస్త్రం ఒక మాట చెబుతుంది. 18 సెంటీమీటర్లకు ముందే పట్టిన చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టకుండా పోయినట్టే. కేరళ ప్రభుత్వం 2015లో కానాగంతకు కనీస పొడవు 14 సెంటీమీటర్లని నిర్ణయించి, అంతకంటె చిన్నవి పట్టడం చట్టవిరుద్ధం చేసింది. ఆ 14 కూడా గుడ్లకు వచ్చే కొలతకు తక్కువే, అయినా ఏదీ లేనిదానికంటె నయం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం 2015 నుంచి అమలులో ఉన్నది. అంతకు ముందు ఇంకా తక్కువ రోజులు ఉండేది. నిషేధం రోజుల్లో జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది వేరే ప్రశ్న. దానికి ఆర్థికశాస్త్ర శాఖ మిత్రులు ఎవరైనా వచ్చే సంచికలో రాస్తే బాగుంటుంది.

ఇది చిన్న చేప గొడవ అనుకోవద్దు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం 2024లో దేశం మొత్తం మీద సముద్రంలో పట్టిన చేపలు సుమారు 34.7 లక్షల టన్నులు. అందులో అన్ని జాతుల కంటె ముందున్నది కానాగంతే, సుమారు 2.6 లక్షల టన్నులు. 1947లో మొదలై తరువాత మండపం నుంచి కొచ్చికి మారిన ఈ సంస్థకు విశాఖపట్నంలోనూ కేంద్రం ఉన్నది. ఎం.ఎస్సీ. తరువాత ఏం చేయాలని అడిగే మన విద్యార్థులు ఆ సంగతి గమనించాలి.

ఒక హెచ్చరిక చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణం. కానాగంత మాంసంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక చల్లదనం లేకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కొద్దిసేపటికి ముఖం ఎర్రబడడం, తలనొప్పి, ఒళ్ళు దద్దుర్లు. ఎంతసేపు ఉడికించినా హిస్టమిన్ పోదు. మన పులుసులో చింతపండు ఎంత పోసినా అంతే. సముద్రానికి ఇంత దూరాన ఉన్నవాళ్ళం గనుక ఐసు లేకుండా బుట్టలో పెట్టి అమ్మే కానాగంత చవకగా వస్తుందని తెచ్చుకోవద్దు. కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తూ, మొప్ప ఎర్రగా, ఒళ్ళు వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. కొన్న తరువాత ఎల్.బి.నగర్ చౌరస్తా ట్రాఫిక్‌లో గంటసేపు స్కూటరుకు తగిలించి తెచ్చుకోవడమూ తగదు.

పోయిన వారం రాంనగర్ నుంచి నాలుగు తాజా కానాగంతలు ఐసులో తెప్పించాను. మూడో సంవత్సరం విద్యార్థులు మొప్పమూత ఎత్తి, మొదటి విల్లును కత్తిరించి నీళ్ళ పళ్ళెంలో పెట్టి పళ్ళు లెక్కపెట్టారు. ఒకరికి 34 వచ్చాయి, మరొకరికి 36. ఇద్దరూ పట్టు విడవకపోతే మళ్ళీ లెక్కపెట్టించాను. చేప వేరు గనుక రెండూ సరైనవే. ఒక చేపలో గుడ్ల సంచి ఉన్నది. దాని పొడవు 21 సెంటీమీటర్లు. మిగతా మూడూ 17కు లోపే.

బీరువాలోని పాత సీసాకు లేబుల్ ఊడిపోయే స్థితిలో ఉంటే కొత్తది అతికించాం. పైన శాస్త్రీయ నామం, కింద తెలుగులో "కానాగంత", దాని కింద "మొదట వర్ణించిన చేప దొరికిన చోటు: విశాఖపట్నం". ఆ లేబుల్ రాసింది నోరు తిరగదన్న ఆ విద్యార్థే.